మంచం నుంచి నడక దాకా: గుండె జబ్బు తర్వాతి సత్తువ చరిత్ర

ఆపరేషన్ ఖర్చును ప్రభుత్వమే భరించే ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న తొలి విడతగా మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. కల్వకుర్తి పట్టణం అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేది. అక్కడ పత్తి చేలనూ వలస కూలినీ నమ్ముకున్న కుటుంబాలకు గుండె ఆపరేషన్ చేయించుకునే దారి అలా తెరుచుకుంది. హైదరాబాద్‌లో స్టెంటు వేయించుకునో, బైపాస్ చేయించుకునో ఊరికి తిరిగొచ్చాక అసలు ప్రశ్న మొదలవుతుంది. నాలుగడుగులకే ఆయాసం, మధ్యాహ్నానికే నీరసం. "బరువులు ఎత్తకు, కూసో" అంటారు ఇంట్లోవాళ్లు. అది ప్రేమతో చెప్పే మాటే. అయితే ఆ మాట వెనక వైద్యులే ఒకప్పుడు గట్టిగా నమ్మి, తర్వాత కష్టపడి వదిలించుకున్న సిద్ధాంతం ఒకటుంది.

వ్యాయామానికి హద్దు గీయడం మన వైద్యానికి కొత్త కాదు. ఎవరి బలంలో సగం మేరకే వాళ్లు శ్రమించాలని సుశ్రుత సంహిత చెప్పింది. శ్వాసరోగులకూ, చిక్కిపోయినవాళ్లకూ అసలు వద్దంది. ఇంగ్లండులో గుండెనొప్పిని 1772లో వివరంగా వర్ణించిన విలియం హెబర్డెన్, రోజూ అరగంట కట్టెలు కోసి దాదాపు కోలుకున్న ఒక రోగి గురించి రాశాడు. 1802లో అచ్చయిన ఆ పరిశీలన వైద్యుల ఆచరణను పెద్దగా మార్చలేదు.

20వ శతాబ్దం మొదటి సగమంతా మంచానిదే. గుండెపోటు లక్షణాలను 1912లో జేమ్స్ హెరిక్ స్పష్టంగా వివరించాక, రోగిని వారాల తరబడి కదలనీయకపోవడమే పద్ధతి అయింది. దెబ్బతిన్న గుండె కండరం మాని గట్టి మచ్చ కట్టడానికి వారాలు పడుతుందని 1939లో శవపరీక్షల ఆధారంగా వెలువడిన అధ్యయనం ఆ పద్ధతికి బలం ఇచ్చింది. కదిలితే గుండె చిట్లుతుందన్న భయంతో కొన్నిచోట్ల రోగికి అన్నం కూడా నర్సే తినిపించేది. ఆ విశ్రాంతిలో కాళ్లలో నెత్తురు గడ్డలు కట్టేవి, కండ కరిగిపోయేది, మనిషి ధైర్యం చెదిరిపోయేది.

1952లో బోస్టన్ వైద్యులు శామ్యూల్ లెవిన్, బెర్నార్డ్ లౌన్ రోగులను తొలి వారంలోనే కుర్చీలో కూర్చోబెట్టారు. తోటివారు అభ్యంతరం చెప్పినా ప్రమాదం పెరగలేదు. మరుసటి ఏడాది జెరెమీ మోరిస్ లండన్ డబుల్ డెక్కర్ బస్సులను పరిశీలించి, రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే మెట్లు ఎక్కి దిగే కండక్టర్లకు గుండె జబ్బులు తక్కువని చూపించాడు. 1955 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చింది. ఆయనను చూసిన పాల్ డడ్లీ వైట్ నడకను బాహాటంగా సమర్థించాడు. ఐసెన్‌హోవర్ కోలుకుని మరుసటి ఏడాదే మళ్లీ ఎన్నికయ్యాడు.

సత్తువ ఎందుకు పోతుందన్నదానికి జవాబు 1966లో డల్లాస్‌లో దొరికింది. ఆరోగ్యంగా ఉన్న ఐదుగురు యువకులను మూడు వారాలు మంచం మీదే ఉంచితే, శరీరం ప్రాణవాయువును వాడుకునే గరిష్ఠ సామర్థ్యం నాలుగో వంతుకు పైగా పడిపోయింది. అదే మనుషులను ముప్పై ఏళ్ల తర్వాత పరీక్షిస్తే, ఆ మూడు వారాల నష్టం ముప్పై ఏళ్ల వయసు తెచ్చిన నష్టం కంటే ఎక్కువని తేలింది. అంటే కోలుకుంటున్నవారి నీరసంలో గుండె వాటా కొంత, కదలకపోవడం వాటా కొంత. ఈ రెండో వాటాను శిక్షణతో తిరిగి రాబట్టుకోవచ్చు.

ఇక మిగిలింది ఆ శిక్షణలో ఎంత శ్రమ తగునో తేల్చే కొలత. 1970ల్లో అట్లాంటాలో నానెట్ వెంగర్ బృందం మెట్టు మెట్టుగా శ్రమ పెంచే పద్ధతిని తీర్చిదిద్దింది. బీటా బ్లాకర్ మాత్రలు నాడిని తగ్గిస్తాయి కాబట్టి నాడి లెక్కనే నమ్ముకుంటే పొరపాటు. స్వీడన్‌కు చెందిన గున్నార్ బోర్గ్ రూపొందించిన 6 నుంచి 20 వరకు ఉండే కొలమానంలో రోగి తనకు ఎంత కష్టంగా ఉందో తానే చెబుతాడు. కోలుకునేవారికి సాధారణంగా 11 నుంచి 13 చాలు. ఆ స్థాయిలో నడుస్తూ మాట్లాడగలరు, పాట పాడలేరు. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరో చూసే పరీక్షకు చదునైన వరండా, గడియారం, కుర్చీ ఉంటే సరిపోతుంది.

ఇలాంటి శిక్షణ ఫలిస్తుందనడానికి మన దేశంలోనూ ఆధారం దొరికింది. 24 ఆసుపత్రుల్లో 3,959 మంది గుండెపోటు రోగులతో జరిగి 2020లో వెలువడిన యోగా-కేర్ అధ్యయనంలో, యోగాతో కూడిన పునరావాసం పొందినవారు పాత పనుల్లోకి మెరుగ్గా తిరిగి వెళ్లగలిగారు. మళ్లీ గుండెపోటు రావడంలోనో, మరణాల్లోనో నిశ్చయంగా చెప్పదగ్గ తేడా మాత్రం కనపడలేదు.

ఈ చరిత్ర అంతా పాలమూరు (మహబూబ్‌నగర్) ఇంటి ముంగిటికి చేరాలంటే సలహా స్పష్టంగా ఉండాలి. డాక్టరు సరేనన్నాక, చదునైన దారిలో ఐదు నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగు సార్లు నడక మొదలుపెట్టి, వారం వారం కొంచెం పెంచాలి. ఎండాకాలంలో తెల్లవారుజామునో పొద్దువాలాకో నడవాలి, తిన్న వెంటనే వద్దు. ఇంటి పనులను రోజంతా విడగొట్టి చేసుకోవాలి. బైపాస్ అయినవారు ఛాతీ ఎముక మానేదాకా నిండు బిందె ఎత్తకూడదు. ఛాతీనొప్పి, కళ్లు తిరగడం, గుండెదడ వస్తే ఆగిపోవాలి. నొప్పి తగ్గకపోతే 108కు ఫోన్ చేయాలి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు బరువు పెరిగినా, కాళ్లు వాచినా వెంటనే డాక్టరును కలవాలి.

అదే పాలమూరు ప్రాంతంలోని నాగర్‌కర్నూల్‌లో, వనపర్తిలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఇక ఆపరేషన్‌కు డబ్బు కట్టిన ప్రభుత్వం, ఆ తర్వాతి మూడు నెలల శిక్షణకూ బాధ్యత తీసుకోవాలి. కల్వకుర్తి ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక ఫిజియోథెరపిస్టు, వారానికి రెండు పూటలు, ఊళ్లో వాకబు చేసే ఆశా కార్యకర్త ఉంటే పని మొదలవుతుంది. కూలి పని మీదే ఇల్లు నడిచే చోట, మనిషి మళ్లీ పనికి లేచిన రోజునే వైద్యం పూర్తయినట్టు లెక్క.