రాజు లేని పట్టాభిషేకము

1902వ సంవత్సరమున ఇంగ్లండు రాజైన ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకమునకు లండనులో సర్వసన్నాహములు జరుగుచుండగా, సముద్రమున కావలిగట్టున, పారిసు శివారగు మోంత్రోయిలో, జార్జి మెలియే అను ఇంద్రజాలికుడు వెస్ట్‌మినిస్టర్ ఆబీని తెరలపై చిత్రింపించి, రాజును పోలిన ముఖముగల యొక చాకిరేవు పనివానికి కిరీటము పెట్టి, ఆబీలోనికి కెమేరాకు ప్రవేశము లేని యా యుత్సవమును అది జరుగకమునుపే చిత్రించి యుంచెను. అసలు రాజునకు జబ్బుచేసి, జూన్ 26న జరుగవలసిన పట్టాభిషేకము ఆగస్టు 9కి వాయిదా పడినది. ఫిల్ముపెట్టెలోని రాజు మాత్రము ఆరోగ్యముగనే యుండెను. నిజమైన కిరీటధారణము జరిగిన దినముననే లండను ప్రేక్షకు లీ రాజును గూడ చూచిరి.

ఇది మెలియే ఒక్కని చమత్కారము కాదు. అంతకు నాలుగేండ్ల పూర్వము, అమెరికాకును స్పెయినుకును యుద్ధము జరిగినపుడు, బ్లాక్టన్, స్మిత్ అను న్యూయార్కువా రిరువురు, బొమ్మ ఓడలను కత్తిరించి, కొద్దిపాటి నీటిపై తేల్చి, చుట్టపొగ నూది శాంటియాగో నావికాయుద్ధమును సృష్టించితిమని తరువాత తామే చెప్పుకొనిరి.

వీనికన్న సూక్ష్మమైనది రాబర్ట్ ఫ్లాహెర్టీ కథ. హడ్సన్ అఖాతపు తీరమున ఇన్యూట్ జనుల జీవితమును చూపుచు 1922లో వెలువడిన 'నానూక్ ఆఫ్ ది నార్త్' చిత్రమును డాక్యుమెంటరీలకు మూలపురుషునిగ లోకము గౌరవించుచున్నది. అందలి నానూకు నిజనామము అల్లకరియల్లక్. తెరపై ఆతని భార్యగ కనిపించు స్త్రీ ఆతని భార్య కాదు. తుపాకి నెరిగిన వేటగాండ్రచేత తాతలనాటి బల్లెములు పట్టించిరి. మంచుయింటిలో వెలుతురు చాలకపోగా, ఒకవైపు గోడయే లేని యిల్లు కట్టించి, ఆ చలిగాలిలో వారిచేత నిద్ర నటింపజేసిరి. అయినను చలి నిజము, వేట నిజము, వేటలోని ప్రాణభయమును నిజమే. బల్లెముల విషయమున ఫ్లాహెర్టీపై నాకు కోపము రాదు, మరుగున పడుచున్న పూర్వుల విద్యను ఆయన ఆ విధముగ దాచియుంచెను. కాని గ్రామఫోను నెరిగిన మనిషిని ఎరుగనివానిగ చూపి, రికార్డును పంటితో కొరికించిన ఘట్టమును మాత్రము క్షమింపజాలను.

1938 అక్టోబరు 30న ఆర్సన్ వెల్స్ రేడియోవార్తల ఫణితిలో అంగారకవాసుల దండయాత్రను వినిపింపగా కొందరు భయపడిరి. ఆ భయమును దేశవ్యాప్తకల్లోలముగ పెంచి వ్రాసినవి మరునాటి పత్రికలు. కల్పనపై మరియొక కల్పన!

1953లో రెండవ ఎలిజబెత్ పట్టాభిషేకమునకు టెలివిజన్ కెమేరాలు ఆబీలో ప్రవేశించినపుడు, బి.బి.సి. పక్షమున వ్యాఖ్యానించినవాడు రిచర్డ్ డింబుల్బీ. ఆ గంభీరస్వరము పలికినది ఇంటింట వేదవాక్యము. (సినిమాహాలులో కథాచిత్రమునకు ముందు ఫిల్మ్స్ డివిజన్ వ్యాఖ్యాత గొంతు వినినవారికి ఈ మహిమ వేరుగ చెప్పనక్కరలేదు.) నాలుగేండ్ల పిమ్మట, 1957 ఏప్రిల్ 1వ తేదీన, 'పనోరమా' కార్యక్రమమున ఆ స్వరమే, స్విట్జర్లండు దక్షిణసీమలో చలికాలము తేలికగ గడచుటచేతను, చీడపురుగు దాదాపు మాయమగుటచేతను, స్పగెట్టి పంట విరగగాచినదని తెలిపెను, తెరపై స్త్రీలు చెట్లకొమ్మలనుండి పొడవాటి సేమ్యాపోగులవంటి వానిని కోసి గంపలలో నింపి ఎండ నారవేయుచుండిరి. టొమాటోరసములో నానిన డబ్బాసరుకుగనే స్పగెట్టి నెరిగిన నాటి ఆంగ్లేయులలో పెక్కురు నమ్మిరి. మొక్కను పెంచుట యెట్లని యడిగినవారికి, ఒక పోగును టొమాటోరసపు డబ్బాలో నాటి దైవముపై భారము వేయుడని బదులు వచ్చెనట.

ఆ సంస్థకే 1965లో పీటర్ వాట్కిన్స్ 'ది వార్ గేమ్' తీసియిచ్చెను. కెంట్ సీమపై అణ్వస్త్రము పడినచో ఏమగునో, సామాన్యజనులచేత నటింపజేసి, చేతిలో వణకు కెమేరాతో వార్తాచిత్రమువలె చూపిన చిత్రమది. అందలి సంఘటన లొక్కటియు ఇంగ్లండున జరిగినవి కావు. హిరోషిమా, డ్రెస్డెన్ నగరము లనుభవించినవే. అది ప్రసారము చేయరానంత భయంకరమని బి.బి.సి. ఆపివేయగా, అమెరికావారు దానికి డాక్యుమెంటరీ విభాగమున ఆస్కార్ బహుమాన మొసగిరి. చెట్లకు కాచిన స్పగెట్టిని ఒక్క రాత్రిలో ఇంటింటికి పంపిన సంస్థ, ఈ చిత్రమును టెలివిజనులో చూపినది 1985లో.