కొయ్యలో చెక్కిన భూగర్భము

1815 మే 3వ తేదీన ఇంగ్లండులో న్యూకాసిల్ చెంతనున్న హీటన్ బొగ్గుగనిలోనికి, విడిచిపెట్టిన పాత గనులలో నిలిచిన నీరు ఒక్కుమ్మడిగా వచ్చిపడెను. 75 మంది పెద్దలు, బాలురు మరణించిరి. పాత గనులు ఎందాక త్రవ్వబడినవో తెలుపు సరియైన పటములు లేకపోవుట ఆనాటి గనులకు పెనుముప్పు.

థామస్ సాప్విత్ అప్పుడు న్యూకాసిల్‌లో పండ్రెండేండ్ల బాలుడు. కొయ్యసామానులు చేయు కుటుంబమున పుట్టి, ఆ పనియే నేర్చి, పిదప గనుల సర్వేయరయ్యెను. అందు ఆయన కెదురైన చిక్కు ఇది: పటము నేలపైభాగమును చూపును, నిలువుకోత చిత్రము ఒక ప్రక్కను మాత్రమే చూపును. లోపలి పొరలు వాలియు, విరిగి జారియు ఉన్నచో ఈ రెండిటిని మనస్సులో కూర్చుకొనుట అనుభవజ్ఞులకే కష్టము. ఇక విద్యార్థి సంగతి చెప్పనేల?

సాప్విత్ మరల తన కులవిద్యనే ఆశ్రయించెను. మొదట డీన్ అరణ్యపు బొగ్గుగనుల ప్రాంతమునకు పెద్ద నమూనా చేసెను. 1841లో, చేతబట్టి చూడదగిన పండ్రెండు చిన్న నమూనాలను వెలువరించెను. వేర్వేరు రంగుల కొయ్యపలకల నంటించి చేసిన దిమ్మలవి. ఒక్కొక్క పలక ఒక్కొక్క శిలాస్తరము. బొగ్గుపొర విరిగినచోట దాని రెండవ తునక పైకి పోయినదో, క్రిందికి దిగినదో ఒక దిమ్మ చూపును. ఆ సంగతి తెలియక త్రవ్వినవాని ధనమంతయు రాళ్లపాలే.

లోయను చెక్కిన దిమ్మలు మరింత ముచ్చటైనవి. పొరలు లోయకంటె నిటారుగా దిగువకు వాలినచో, వాని అంచు లోయను దాటుచోట ఏర్పడు మొన దిగువకు చూపును. ఎగువకు వాలినచో మొనయు ఎగువకే తిరుగును. ఇది మాటలలో వినువారికి తలతిరుగు సంగతి. దిమ్మను త్రిప్పి చూచినవానికి వివరణమే అక్కరలేదు. చార్లెస్ లయెల్ మహాశయుడు వీనిలో మూడింటిని బొమ్మలుగా తన పాఠ్యగ్రంథమున చేర్చెను. కాని ఆ బొమ్మలు క్రొత్తవారికి సులభముగా బోధపడవనియు, అసలు నమూనాలను చేతబట్టి త్రిప్పినచో వెంటనే తెలియుననియు అచ్చటనే వ్రాసెను. తన పుస్తకములోని బొమ్మ చాలదని చెప్పిన గ్రంథకర్తలు అరుదు!

సాప్విత్ దృష్టి పాఠశాలతో ఆగలేదు. 1838లో బ్రిటిష్ అసోసియేషన్ సభలు న్యూకాసిల్‌లో జరిగినపుడు, గనుల పటములను ప్రభుత్వమే భద్రపరచవలెనని ఆయన పట్టుబట్టెను. కొలదికాలమునకే లండనులో గనుల రికార్డుల కార్యాలయము వెలసెను.