కలివికోడి జాడ చెప్పిన ఐతన్న

ఇప్పటిదాకా మనం ఇక్కడ రాసుకున్నవన్నీ కరీంనగర్, వరంగల్, నల్గొండ పల్లెల నుంచి మనవాళ్లు భివండీ చేరిన కథలు, సాంచాల కథలు, కార్ఖానాల కథలు. ఈసారి ఒక పక్షి కథ. పక్షికీ మనకూ ఏం సంబంధం అని పెద్దలు కొందరు అడుగుతారని తెలుసు. చదివిన తరవాత అడగండి, జవాబు చెప్తాం.

మే నెల వస్తే భివండీ బజారులో ఆదివాసీ ఆడవాళ్లు బుట్టల్లో కరవందలు తెచ్చి అమ్ముతారు. నల్లగా నిగనిగలాడుతూ, కొరికితే పాలు కారుతూ, పుల్లగా తియ్యగా ఉంటాయి. మన ఊళ్లలో కలివి పండ్లు, కలే పండ్లు అనేది వీటి దగ్గరి చుట్టాన్నే. ముళ్ల పొద. గొర్రెల వెంట పోయే పిల్లలు జేబుల నిండా కోసుకునే పండు. ఆ పొదల నీడన తిరిగే ఒక చిన్న పక్షిని కడప జిల్లా పల్లెల్లో కలివికోడి అంటారు. శాస్త్రవేత్తలు దానికి పెట్టిన పేరు జెర్డాన్స్ కోర్సర్. ప్రపంచం మొత్తం మీద అది బతికి ఉందని ఈ కాలంలో రుజువైన చోటు కడప, దాని చుట్టుపక్కల నేల ఒక్కటే.

థామస్ కావర్‌హిల్ జెర్డన్ మద్రాసు సైన్యంలో డాక్టరు. నెల్లూరులో కూడా పనిచేశాడు. వైద్యం ఉద్యోగం, పక్షులు పిచ్చి. ఈ పక్షి సంగతి లోకానికి తెలిసింది ఆయన వల్లే, 1848లో. పావురం కంటే చిన్నది, పొడుగాటి కాళ్లు, రొమ్ము మీద అడ్డంగా రెండు గోధుమరంగు పట్టీలు. మనవాళ్లు చూస్తే రెండు పేటల గొలుసు వేసుకుంది అంటారు. లాటిన్ పేరులో కూడా అదే అర్థం ఉంది. మనం గమనించాల్సింది ఇంకొకటి. జెర్డన్ తన పక్షుల పుస్తకంలో దీనికి తెలుగు పేరు కూడా ఎక్కించాడు, అడవి వూటతిత్తి అని పలికేటట్టు ఇంగ్లీషు అక్షరాల్లో. ఆ పేరు ఆయనకు ఆకాశం నుంచి ఊడిపడలేదు గదా! ఎవరో ఒక తెలుగు మనిషి, వేటగాడో పశువుల కాపరో, పక్షిని చూపించి పేరు చెప్పి ఉండాలి. పక్షికి జెర్డన్ పేరు దక్కింది. చెప్పినవాడి పేరు ఎక్కడా లేదు.

ఆ తరవాత బ్లాన్‌ఫర్డ్ అనే ఇంకో ఇంగ్లీషాయన భద్రాచలం దగ్గర, సిరొంచ దగ్గర దీన్ని గుర్తించాడు. సిరొంచ అంటే మనలో చాలామందికి తెలిసిన ఊరే. కాళేశ్వరం ఎదురుగా, నది అవతలి ఒడ్డు. ఇప్పుడు మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా, నోట్లో మాత్రం తెలుగు. అంటే ఈ పక్షి ఒకప్పుడు మన గోదావరి పక్షి కూడా. 1900లో అనంతపురం దగ్గర ఆఖరిసారి కనబడిందన్నారు. అంతే. ఆ తరవాత ఎనభై ఆరేళ్లపాటు ఒక్క శాస్త్రవేత్త కూడా దాన్ని కళ్లారా చూడలేదు. అంతరించిపోయిందనే చాలామంది అనుకున్నారు.

మధ్యలో వెతికినవాళ్లు లేకపోలేదు. ముంబై ఫోర్టులో, లయన్ గేటు ఎదుట హార్న్‌బిల్ హౌస్ అనే భవనం ఉంది. 1883లో పుట్టిన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ ఆఫీసు అదే. సలీం అలీ పేరు విన్నవాళ్లకు ఆ సంస్థ తెలిసే ఉంటుంది. మనవాళ్లు తాకాల లెక్కలకు మూల్జీ జేఠా మార్కెట్‌కు ఏళ్ల తరబడి తిరుగుతున్నారు, అక్కడి నుంచి అది ఎంతో దూరం కాదు. అయినా ఆ గుమ్మం ఎక్కినవాళ్లు మనలో ఎంతమంది? కలివికోడి కోసం జరిగిన అన్వేషణలు పగటిపూట జరిగాయి, ఫలించలేదు. పక్షేమో రాత్రిపూట తిరిగేది. పగలు పొద కింద కదలకుండా కూర్చుంటే పక్కనుంచి నడిచిపోయినా కనబడదు.

1980లలో సొసైటీ తరఫున భరత్ భూషణ్ అనే యువ పరిశోధకుడు కడప ప్రాంతానికి వచ్చాడు. ఆయన చేసిన తెలివైన పని ఏమిటంటే, పొదల్లో వెతకడం కంటే ముందు మనుషుల్ని అడగడం. పక్షి బొమ్మ పట్టుకుని పల్లెల్లో తిరిగాడు. కట్టెలు కొట్టేవాళ్లను, గొర్రెల కాపర్లను, పిట్టలు పట్టేవాళ్లను అడిగాడు. సిద్ధవటం వైపు రెడ్డిపల్లె అనే ఊళ్లో పిట్టలు పట్టే ఐతన్న అది తనకు తెలుసన్నాడు. 1986 జనవరిలో ఒక రాత్రి ఐతన్న టార్చి వెలుగులో ఆ పక్షిని ప్రాణాలతో పట్టుకున్నాడు. లోకమంతా పోయిందనుకున్న పక్షి ఒక పల్లెటూరి మనిషి చేతుల్లో ఉంది.

సలీం అలీకి అప్పుడు 89 ఏళ్లు. ఆయన జీవితంలో ఆఖరి పెద్ద కబురు ఇదేనేమో. మరుసటి ఏడాది జూన్‌లో ఆయన పోయారు.

కథలో చేదు కూడా ఉంది. పట్టిన పక్షి ఎక్కువ రోజులు బతకలేదు. ఇప్పటి పద్ధతుల్లో చూస్తే పట్టడమే తప్పంటారు. కానీ ఆ రోజు అది చేతికి దొరక్కపోతే ఎవరూ నమ్మేవాళ్లు కాదన్నది కూడా నిజమే. మాకు అంతకంటే పెద్ద విషయం అనిపించేది పేరు. శాస్త్ర రచనల్లో ఐతన్న పేరు ఉంది. జెర్డన్‌కు పక్షి పేరు చెప్పిన మనిషికి దక్కనిది, నూట ముప్పై ఎనిమిదేళ్ల తరవాత ఐతన్నకు దక్కింది.

1988లో లంకమల కొండల అడవిని శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యంగా ప్రకటించారు. అదే ఏడాది తపాలా శాఖ కలివికోడి బొమ్మతో స్టాంపు తెచ్చింది. స్టాంపులు దాచుకునే అలవాటున్నవాళ్లు పాత పుస్తకాలు తిరగేసి చూడండి.

2000 తరవాత జెగనాథన్ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్లు కలిసి ఇంకో పద్ధతి కనిపెట్టారు. ఇది మన నేతవాళ్లకు నచ్చుతుంది, ఎందుకంటే ఇందులో ఉన్నదంతా ఓపిక, లెక్క. పొదల మధ్య నేలమీద మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచారు. రాత్రి ఏ జంతువు నడిచినా అడుగు పడుతుంది. తెల్లవారి వచ్చి ఒక్కొక్క అడుగూ చూడాలి. ఈ జాతి పక్షులకు వెనకవేలు ఉండదు, మూడు వేళ్లే. గుడ్డలో ఒక్క పోగు తెగినా పది అడుగుల దూరం నుంచి పసిగట్టే కళ్లున్నవాళ్లం మనం, ఆ పని ఎలాంటిదో మనకు వేరే చెప్పక్కర్లేదు. అడుగు దొరికిన చోట దానంతట అదే ఫొటో తీసే కెమెరా పెట్టారు. పక్షి కూతను రికార్డు చేసి, సాయంత్రాలు వినిపించి, జవాబు వస్తుందేమో చూశారు. పొద్దు గుంకిన ముప్పావు గంటకు, కొద్ది నిమిషాలే అది కూస్తుంది. ఆ కొద్ది నిమిషాలూ తప్పితే మళ్లీ మర్నాటిదాకా ఎదురు చూడాల్సిందే.

ఆ పరిశోధనలోనే తేలిన ఇంకో సంగతి మాకు చాలా ఇష్టం. ఈ పక్షికి దట్టమైన అడవి పనికిరాదు, బోడి నేలా పనికిరాదు. పొదలూ ఉండాలి, వాటి మధ్య నడవడానికి ఖాళీ నేలా ఉండాలి. పొదలు నరికి నేల చదును చేస్తే పక్షి పోతుంది. మేకలు, గొర్రెలు బొత్తిగా రాకపోతే పొదలు కమ్ముకుపోయి అప్పుడూ దానికి చోటుండదు. మితంగా మేపుకునే కాపరి ఈ పక్షికి శత్రువు కాదన్నమాట. అడవిని కాపాడడమంటే పల్లె మనుషుల్ని బయటికి తోలెయ్యడమే అనుకునే ఆఫీసర్లు ఇది చదవాలి.

ఇక కాలువ గొడవ. కృష్ణా నీటిని రాయలసీమ మీదుగా చెన్నైకి తీసుకుపోయే తెలుగు గంగ మనకు తెలిసిందే. 2005లో ఆ కాలువ తవ్వకం యంత్రాలు కలివికోడి తిరిగే పొదల్లోకే వచ్చాయి. అక్కడ పక్షి కోసం పనిచేస్తున్నవాళ్లు చూశారు, రాశారు, ఫిర్యాదు చేశారు. వ్యవహారం సుప్రీంకోర్టు వేసిన కమిటీదాకా పోయింది. చివరికి కాలువ దారి మార్చారు.

ఇక్కడ మనం ఒక్క నిమిషం ఆగాలి. ఒక పిట్ట కోసం రైతు నీళ్లు ఆపుతారా అని అప్పుడు చాలామంది అన్నారు. ఆ మాటను తేలిగ్గా కొట్టిపారెయ్యలేం. కడప కరువు కడప వాళ్లకు తెలుసు. మన తాతలు మగ్గాలు వదిలి బొంబాయి, షోలాపూర్, భివండీ బండ్లు ఎక్కిన కారణాల్లో కరువు కూడా ఒకటి. నీళ్ల విలువ మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ కాలువను పక్కకు జరపొచ్చు, పక్షిని జరపలేం. కాలువ ఆగలేదు, దారి మాత్రమే మారింది. ఆ నేలలో ఏముందో ఏళ్ల తరబడి రాసి పెట్టిన మనుషులు లేకపోతే, దారి మార్చమని అడగడానికి ఎవరి దగ్గరా కాగితం ఉండేది కాదు.

అయినా తరవాత పదేళ్లకు పైగా పక్షి జాడ గట్టిగా దొరకలేదు. మళ్లీ పోయిందనే మాట మొదలైంది. ఆ మధ్యలో ఒక చిత్రం జరిగింది. 2013లో స్కాట్లండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో దాని గుడ్డు ఒకటి బయటపడింది. 1917లో కోలారు బంగారు గనుల దగ్గర సేకరించినది. పక్షి ఇక్కడ, గుడ్డు అక్కడ! 2025 ఆగస్టులో కొందరు పక్షి వీక్షకులు ఆంధ్రప్రదేశ్‌లో దాని కూతను మళ్లీ రికార్డు చేశారు. వాళ్లది ప్రభుత్వ సర్వే కాదు. సెలవు పెట్టుకుని, సొంత ఖర్చులతో పొదల దగ్గర చెవులు రిక్కించి నిలబడ్డ అభిమానులు.

ఇలాంటివాళ్లను ఈమధ్య పౌర శాస్త్రవేత్తలు అంటున్నారు. మాట కొత్తది, పని పాతది. 1900 క్రిస్మస్ రోజున ఉత్తర అమెరికాలో 27 మంది, పండగ నాడు పిట్టల్ని కాల్చే ఆచారానికి బదులు లెక్కపెడదామని మొదలుపెట్టిన గణన ఇప్పటికీ సాగుతోంది. హైదరాబాదులో 1980లో ఆంధ్రప్రదేశ్ పక్షి వీక్షకుల సంఘం మొదలైంది, ఇప్పుడు దాన్ని డెక్కన్ బర్డర్స్ అంటున్నారు. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా అంతటా చెరువుల్లో నీటిపక్షుల లెక్క జరుగుతోంది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో పిట్టలు చింతచెట్ల మీద గూళ్లు కడితే ఊరంతా ఇంటికి అల్లుడొచ్చినట్టు చూసుకుంటుంది. అవి సైబీరియా నుంచి వస్తాయని పేపర్లు ఏటా రాస్తాయి. అక్కడ గూళ్లు కట్టే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు రెండూ దక్షిణాసియా పక్షులే. పేపర్లో పడినదల్లా నిజం కాదని చెప్పడానికైనా లెక్క రాసేవాళ్లు కావాలి.

మనకు దగ్గరగా ముంబైలోనే 2017లో మరీన్ లైఫ్ ఆఫ్ ముంబై అని ఒక ప్రయత్నం మొదలైంది. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు జుహూ, హాజీ అలీ, గిర్గావ్ చౌపాటీ ఒడ్డుల్లో మామూలు జనాన్ని వెంటబెట్టుకుని నడుస్తారు. రాళ్ల సందుల్లో కనిపించే పీతలు, నత్తలు, ఆక్టోపస్‌లు, పగడాలు ఫొటోలు తీసి, ఎక్కడ ఎప్పుడు చూశారో అందరూ చూసేలా ఎక్కిస్తారు. ముంబై సముద్రమంటే మురికి నీళ్లే అనుకునేవాళ్లకు అక్కడ పగడాలున్నాయంటే నవ్వొచ్చేది. కోస్టల్ రోడ్డు పని వచ్చినప్పుడు, 2020లో, దారిలో ఉన్న పగడాలను తీసి వేరే చోటికి మార్చాల్సి వచ్చింది, ఎందుకంటే చట్టం ప్రకారం వాటికి పులికి ఉన్నంత రక్షణ ఉంది. మార్చడం సరిపోతుందా లేదా అన్నది వేరే వాదన, మాకూ అనుమానమే. కానీ ఉన్నాయని తెలియకపోతే వాదన కూడా ఉండదు.

భివండీ నీళ్లు కూడా ఆ సముద్రానికే పోతాయి. మన కామవారి నది ఖాడీలో కలుస్తుంది, ఖాడీ వసయి దగ్గర సముద్రంలో. ఆ నది రంగు ఏ రోజు ఎలా ఉంటుందో డైయింగుల పక్కన ఉండే మనకంటే బాగా ఎవరికి తెలుసు? పక్కనే ఠాణే ఖాడీకి రాజహంసలు వేలల్లో వస్తే 2015లో అభయారణ్యం చేశారు, 2022లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. మన వైపు నీళ్ల మీద ఏ పక్షులు వాలుతున్నాయో మనలో ఎవరూ కూర్చుని రాయలేదు.

ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు ప్రపంచమంతా పెరటి పక్షుల గణన జరుగుతుంది. మన దేశంలో 2013 నుంచి జరుగుతోంది. చదువు అక్కర్లేదు, ఫీజు లేదు. ఒక చోట కనీసం పావుగంట నిలబడి, కనిపించిన పక్షులు ఏవి, ఎన్ని అని ఈబర్డ్ అనే యాప్‌లో ఎక్కిస్తే చాలు. ఈసారి కామత్‌ఘర్‌లో వరాలదేవి చెరువు గట్టున మనం నిలబడదామని సంఘంలో అనుకున్నాం. పిల్లల పేర్లు పద్మనగర్ ఆఫీసులో ఇవ్వండి. పెద్దవాళ్లు కూడా రావాలి, ఎందుకంటే నీటికాకిని, బుడుంగుపిట్టను తెలుగు పేర్లతో గుర్తుపట్టేది ఇంకా వాళ్లే. ఆ పేర్లు కూడా పక్కన రాసుకుందాం, చెప్పినవాళ్ల పేరుతో సహా. రాత్రి షిఫ్టు దిగేవాళ్లు కార్ఖానా నుంచి అట్నుంచి అటే చెరువు దగ్గరికి రావచ్చు. చాయ్ సంఘం తరఫున.