చమురు ధర పెరిగితే వాణిజ్య లోటు ఎందుకు పెరుగుతుంది? గల్ఫ్ డబ్బుకి దానితో ఏం సంబంధం?

గజపతినగరం: విజయనగరం నుంచి సాలూరు వైపు వెళ్లే లారీలు మన ఊరి మీదుగానే పోతాయి. వాటికి కావలసిన డీజిల్ తయారయ్యేది ముడి చమురు నుంచి. దేశం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతే. బిల్లు ఎక్కువగా డాలర్లలో కట్టాలి.

వాణిజ్య లోటు అంటే: ఎగుమతుల కంటే దిగుమతుల విలువ ఎంత ఎక్కువైతే అంత లోటు. ధర పెరిగిందని లారీలు ఆపలేం, గ్యాస్ పొయ్యి ఆర్పలేం. అందుకే ధర పెరిగితే బిల్లు వెంటనే పెరుగుతుంది. కరోనా ఏడాది 2020-21లో ముడి చమురు దిగుమతి బిల్లు సుమారు 6,200 కోట్ల డాలర్లు. ఉక్రెయిన్ యుద్ధం నడిచిన 2022-23లో 15,700 కోట్ల డాలర్లు దాటింది. కొన్న చమురు పెరిగింది 20 శాతం లోపే, బిల్లు మాత్రం రెండున్నర రెట్లయింది. ఆ ఏడాది సరుకుల వాణిజ్య లోటు సుమారు 26,500 కోట్ల డాలర్లు.

రూపాయి మీద దెబ్బ: బిల్లు కట్టడానికి ఎక్కువ డాలర్లు కొనాలి. దాంతో రూపాయి బలహీనపడుతుంది, అదే చమురు మరింత ఖరీదవుతుంది.

ఎగుమతుల మీద దెబ్బ: గరివిడి, బొబ్బిలి వైపు ఉన్న ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీలకు కరెంటే పెద్ద ఖర్చు. యూనిట్ ధర పెరిగితే విదేశీ మార్కెట్లో పోటీ పడడం కష్టం.

గల్ఫ్ డబ్బు ఎక్కడ చేరుతుంది: మనవాళ్లు పంపే డబ్బు వాణిజ్య లెక్కలోకి రాదు, కరెంట్ ఖాతాలోకి వస్తుంది. 2022-23లో ప్రవాసులు పంపింది 11,000 కోట్ల డాలర్లకు పైగా. ఈ డబ్బు, సాఫ్ట్‌వేర్ లాంటి సేవల ఆదాయం కలిసి కరెంట్ ఖాతా లోటును సుమారు 6,700 కోట్ల డాలర్లకు తగ్గించాయి.

రెండూ ఒకేసారి దెబ్బతింటే: 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. చమురు ధర ఎగిసింది. సుమారు 1.7 లక్షల మంది భారతీయులు కువైట్ నుంచి తిరిగొచ్చారు, వాళ్లు పంపే డబ్బు ఆగింది. అప్పటికే అప్పుల్లో ఉన్న దేశం దగ్గర 1991 జూన్‌కి రెండు మూడు వారాల దిగుమతులకే డాలర్లు మిగిలాయి. పి.వి. నరసింహారావు ప్రధాని అయిన కొద్ది రోజులకే, జులైలో రూపాయి విలువ తగ్గించారు, 47 టన్నుల బంగారం తాకట్టు పెట్టారు.

మన ఇంటి లెక్క: సౌదీ రియాల్ డాలర్‌తో ముడిపడి ఉంది. కాబట్టి రూపాయి పడితే రియాల్‌కి ఎక్కువ రూపాయలొస్తాయి. కానీ గ్యాస్, వంట నూనె, బస్సు ఛార్జీ కూడా పెరగొచ్చు. రేటు బాగుందని ఆ డబ్బంతా ఖర్చు పెట్టేయకుండా కొంత పక్కన పెట్టుకోవడం మంచిది. గల్ఫ్‌లో గొడవ వస్తే మన ఇంటి ఆదాయం, ఖర్చు రెండూ ఒకేసారి కదులుతాయి.