కాల్వ కట్ట మీద సైకిల్

పోచంపాడు దగ్గర గోదావరి మీద కట్టిన శ్రీరాంసాగర్ నిండు మట్టం 1,091 అడుగులు. కరీంనగర్‌ను ఆనుకుని ఉన్న దిగువ మానేరు నిండు మట్టం 920 అడుగులు. ఆ జలాశయం నుంచి ఈ జలాశయానికి నీళ్ళు తెచ్చే కాకతీయ కాల్వ పొడవు 146 కిలోమీటర్లు. రెండు మట్టాల తేడాను ఆ పొడవుకు పంచితే కిలోమీటరుకు మూరెడు దిగుడు కూడా రాదు. ఇంజనీర్లు ఆ లెక్క వేసింది నీటి కోసం. నీళ్ళు ఉరకకూడదు, ఆగకూడదు. సైకిల్ తొక్కేవాడి మోకాళ్ళకు కూడా సరిగ్గా ఆ వాలే కావాలి. కాల్వ వెంట కట్ట ఉంటుంది, కట్ట మీద బాట ఉంటుంది. ఆ బాట మీద లారీ రాదు, బస్సు రాదు.

ఉత్తర తెలంగాణలో మోటారు రద్దీ లేని సైకిల్ దారి కొత్తగా వేయాల్సిన అవసరం లేదని నా నమ్మకం. అది యాభై ఏళ్ళుగా ఉంది. దాన్ని సైకిళ్ళ కోసం వేయలేదు కాబట్టి ఎవరూ ఆ పేరుతో పిలవలేదు, అంతే. ఫ్రాన్స్‌లో 1681లో తెరిచిన కెనాల్ దు మిది కథ కూడా ఇలాంటిదే. తూలూజ్ నుంచి మధ్యధరా తీరం దాకా 240 కిలోమీటర్ల ఆ కాలువ గట్టు మీద ఒకప్పుడు గుర్రాలు పడవలను లాగుతూ నడిచాయి. గుర్రాల పని అయిపోయాక ఆ బాట సైకిల్ యాత్రికులకు దక్కింది. మన కాల్వల్లో పడవలు లేవు. మన కట్టలను లష్కర్లు తూములు చూసుకుంటూ తిరగడానికి, ఇంజనీర్ల జీపు పోవడానికి వదిలారు.

కాల్వలకు ముందు ఈ నేల మీద తిరగడానికి రెండే ఆధారాలు: చెరువు కట్టలు, బండ్ల బాటలు. కాకతీయుల నాటి నుంచి గొలుసుకట్టు చెరువులతో బతికిన ప్రాంతం ఇది. ఒక చెరువు మత్తడి దుంకిన నీళ్ళు కింది చెరువులో చేరతాయి. ఆ కట్టల మీదే నీరటికాడు తిరిగాడు, పశువులు తిరిగాయి, పక్క ఊరికి పోయే మనుషులు తిరిగారు. బండ్ల బాట తీరు వేరు. అది పొలాలను తప్పించుకుంటూ చెల్కల మీదుగా పోతుంది, వాగు వచ్చిన చోట వాగులోకే దిగుతుంది. వానాకాలం ఆ దిగుడు దగ్గరే ప్రయాణం ఆగేది.

ఆదిలాబాద్ వైపు నేల తీరు మారుతుంది. గోదావరి దాటగానే చదును ఒక సన్నని పట్టీగా మిగులుతుంది. నిర్మల్, ఖానాపూర్, కడెం, జన్నారం, లక్సెట్టిపేట, మంచిర్యాల, చెన్నూరు ఆ పట్టీ మీదివే. దానికి ఉత్తరాన సహ్యాద్రి గుట్టలు లేస్తాయి. గుట్టలకు అవతల పెన్‌గంగ ఒడ్డున జైనథ్, బేల ప్రాంతంలో మళ్ళీ నల్లరేగడి మైదానం పరుచుకుంటుంది. ఈ గుట్టల మీదుగా నడిచే దారుల్లో ఇప్పటికీ బతికి ఉన్నది గోండుల్లోని మెస్రం వంశీయులది. నాగోబా జాతర ముందు వాళ్ళు కేస్లాపూర్ నుంచి కాలినడకన జన్నారం మండలంలోని హస్తినమడుగు దాకా వచ్చి గోదావరి జలం తీసుకుపోతారు. ఈ ప్రాంతంలో మోటారు లేకుండా దూరం పోవడం అనే మాట వస్తే నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ నడకే. దాని తర్వాతే సైకిల్.

సైకిల్ మన దగ్గరికి దొరల వస్తువుగా వచ్చింది. బుల్లక్ వర్క్‌మన్ దంపతులు భారత మైదానాల్లో సైకిళ్ళ మీద తిరిగి, పద్నాలుగు వేల మైళ్ళ ప్రయాణమని పేరులోనే చెప్పుకున్న పుస్తకాన్ని 1904లో అచ్చేశారు. 1923లో బొంబాయి నుంచి బయలుదేరిన పార్సీ యువకులు ఆది హకీం, జాల్ బాపాసోలా, రుస్తుం భుంగారా 1928లో ప్రపంచం చుట్టి తిరిగొచ్చారు. ఊళ్ళల్లో మాత్రం అది ఇంకా చేతికందని సరుకు. రాలీ, హెర్క్యులిస్, ఫిలిప్స్ బండ్లు ఇంగ్లండు నుంచి ఓడల్లో దిగేవి. హైదరాబాద్ సంస్థానంలో నిజాం రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. ఆ బస్సులు పట్టణాలను కలిపాయి. పట్టణానికీ పల్లెకూ మధ్య దారి కాలినడకకూ ఎడ్లబండికీ మిగిలింది. అక్కడికి చేరడానికి సైకిల్‌కు ఇంకా ముప్పై ఏళ్ళు పట్టింది.

1951లో సోనీపత్‌లో అట్లాస్, మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్, 1956లో లూధియానాలో హీరో తయారీ మొదలుపెట్టాక దేశీ సైకిల్ ధర దిగివచ్చింది. 28 అంగుళాల పెద్ద చక్రాలు, మందపు గొట్టాలు, బలమైన క్యారేజీ ఉన్న ఆ నల్ల బండి తారు రోడ్డు కంటే మొరం బాట మీదే బాగా పనిచేసేది. చక్రం ఎంత పెద్దదైతే గుంత అంత చిన్నదవుతుంది. ఆదిలాబాద్ నల్లరేగడిలో మాత్రం దాని ఆట సాగలేదు. వాన పడితే మట్టి మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య ముద్దలుగా పేరుకుని చక్రం తిరగనివ్వదు. ఆ మూడు నెలలు అక్కడ సైకిల్‌ను మనిషి మోసేవాడు.

సొంత బండి లేనివాడికి సైకిల్ టాక్సీ ఉండేది. గంటల లెక్కన కిరాయికి సైకిళ్ళిచ్చే దుకాణానికి తెలంగాణలో అదే పేరు. ఒక తరం మొత్తం అక్కడే సైకిల్ నేర్చుకుంది. సీటు అందని పిల్లలు కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, ఒళ్ళంతా ఒక పక్కకు వంచి తొక్కేవారు. పెద్దలకు అది బతుకుదెరువు. గౌడన్నలు కల్లు లొట్లను రెండు పక్కలా కట్టుకుని తాటివనం నుంచి ఊళ్ళోకి వచ్చేవారు. పాల క్యాన్లు, ఐస్‌ఫ్రూట్ డబ్బా, చేపల గంప, పోస్టు సంచి అన్నీ క్యారేజీ మీదే ప్రయాణించాయి. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి సింగరేణి కార్మికులు షిఫ్టు వేళకు సైకిళ్ళ మీద బాయి దగ్గరికి చేరేవారు. రాత్రి షిఫ్టుకు డైనమో వెలుతురే దారి చూపేది. మన ప్రాంతపు సైకిల్ చరిత్ర రాయాలంటే యాత్రికుల కంటే ముందు ఈ మనుషుల దగ్గర మొదలుపెట్టాలి. ఏ బాట ఎక్కడ మెత్తబడుతుందో, ఏ వాగు ఎప్పుడు ఆగుతుందో వాళ్ళకు తెలిసినంతగా ఏ పటానికీ తెలియదు.

ఆ రోజుల్లోనే కాల్వ వచ్చింది. 1963 జులై 26న పోచంపాడులో నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఆ తర్వాతి రెండు దశాబ్దాల్లో కాకతీయ కాల్వ మెట్‌పల్లి, జగిత్యాల ప్రాంతాల మీదుగా కరీంనగర్ చేరి, అక్కడి నుంచి వరంగల్ వైపు సాగింది. పూర్తి పొడవు 284 కిలోమీటర్లు. దిగువ మానేరు ఆనకట్ట పని 1974లో మొదలై 1985లో ముగిసింది. దాని కట్ట ఒక్కటే పది కిలోమీటర్లు దాటుతుంది. ప్రధాన కాల్వ నుంచి పెద్దపల్లి, మంథని వైపు డీ-83, డీ-86 లాంటి కాల్వలు, వాటి నుంచి పిల్ల కాల్వలు చీలాయి. ప్రతి చీలికకూ ఒక గట్టు ఉంది, గట్టు గట్టుకూ ఒక బాట ఉంది.

బండ్ల బాటకూ కాల్వ బాటకూ తేడా అంతా వాగు దగ్గర తెలుస్తుంది. కాల్వ వాగులోకి దిగలేదు, దిగితే నీళ్ళన్నీ పోతాయి. అందుకే ఇంజనీర్లు వాగు మీదుగా కాంక్రీటు తొట్టిలో కాల్వను దాటించారు, లేదా వాగునే కాల్వ కిందికి పంపారు. చాలా చోట్ల బాట కూడా కాల్వతోపాటే దాటింది. వేల ఏళ్ళుగా వానాకాలం ప్రయాణాన్ని ఆపిన వాగుల దిగుళ్ళను నీటిపారుదల శాఖ తన అవసరం కోసం చదును చేసింది. ఆ మేలు అందరికంటే ముందు పొలానికి పోయే రైతుకు, ఆ తర్వాత బడికి పోయే పిల్లకు అందింది. యాత్ర చేసేవాడికి అందాల్సిన వంతు ఇంకా మిగిలే ఉంది.

అంతలోనే సైకిల్ వెళ్ళిపోయింది. లూనా, టీవీఎస్ 50 మొపెడ్లు వచ్చాయి, 1985లో హీరో హోండా వచ్చింది. కల్లు లొట్లు టీవీఎస్ మీదికి మారాయి. సైకిల్ టాక్సీలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. 2020 జూన్ 3న, ప్రపంచ సైకిల్ దినం నాడే, అట్లాస్ తన సాహిబాబాద్ ఫ్యాక్టరీలో పని ఆపేసింది. అదే ఏడు లాక్‌డౌన్ వల్ల పట్టణాల్లో గేర్ల సైకిళ్ళ అమ్మకం పెరిగింది. బరువు మోసే సైకిల్ పోయి, ఆరోగ్యం కోసం, ఆనందం కోసం తొక్కే సైకిల్ వచ్చిందన్నమాట.

ఈ కొత్త సైకిల్‌వాళ్ళు ఎక్కువగా పెద్ద రోడ్ల మీదే కనబడతారు. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో ముగించాలనే బ్రెవే పద్ధతికి తారు రోడ్డే కావాలి. కానీ కరీంనగర్‌కు ఉన్న పెద్ద రోడ్డు రాజీవ్ రహదారి. గ్రానైటు, బొగ్గు, ఇసుక లారీలన్నీ దాని మీదే. ప్రమాదాలకు పేరుపడిన ఆ దారిలో సైకిల్‌వాడు భుజం పక్క గాలి దెబ్బ తింటూ పోవాలి. హైదరాబాద్‌లో ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు, పైన సోలార్ పలకల కప్పు వేశారు. మంచి పని. కరీంనగర్, ఆదిలాబాద్ పాత జిల్లాలకు అంత ఖర్చు అక్కర్లేదు. ఇక్కడ బాట ఉంది, నీడ కావాలంటే చెట్లు నాటితే చాలు.

నీళ్ళ పక్కన తొక్కుతుంటే మరో లాభం, పక్షులు. పొలాల్లో నీళ్ళున్నన్నాళ్ళూ కొంగలు, నీటికాకులు, నత్తగుల్ల కొంగలు కట్ట పక్కనే మేస్తాయి. శ్రీరాంసాగర్ వెనుక జలాలు తగ్గిన గడ్డి నేలల్లో, నందిపేట వైపు, కృష్ణజింకలు కనబడతాయి. 2015 మార్చి 12న మొదలైన మిషన్ కాకతీయ కింద పూడిక తీసిన చెరువుల్లో నీళ్ళు నిలిచి, కట్టలు గట్టిపడ్డాయి. అలాంటి రెండు మూడు కట్టలను కాల్వ బాటతో కలుపుకుంటే ఒక పూట తిరుగుడుకు సరిపోతుంది. మోటారు చప్పుడు లేదు కాబట్టి పిట్ట లేచిపోయే లోపే దాన్ని చూసే అవకాశం సైకిల్‌వాడికి ఉంది.

ఆదిలాబాద్ వైపు నాకు ఎక్కువ ఆశ ఉన్నది సరస్వతి కాల్వ మీద. శ్రీరాంసాగర్ ఎడమ ఒడ్డున మొదలై ఖానాపూర్ మీదుగా కడెం వైపు 47 కిలోమీటర్లు పోతుంది. కడెం నుంచి మరో ఎడమ కాల్వ గోదావరి పట్టీ వెంట మంచిర్యాల దిక్కుకు సాగుతుంది. రెండింటినీ కలిపితే ఎడమ పక్క గుట్టలు, కుడి పక్క గోదావరి, మధ్య చదును. దారిలో ఉన్న కవ్వాల్ మాత్రం 2012 నుంచి పులుల అభయారణ్యం. కాల్వ బాట అడవిని తాకే చోట అటవీ శాఖ మాటే చివరి మాట. అక్కడ పగటి పూట, అనుమతితో మాత్రమే పోవాలి. కడెం ప్రాజెక్టు 1958 వరదకు దెబ్బతిన్నది, 2022, 2023 జులైల్లో సామర్థ్యానికి మించిన వరదతో ఊళ్ళను వణికించింది. వానాకాలం ఆ కాల్వ మొదట్లో ఎవరూ తిరగకూడదు.

కాకతీయ కాల్వ అంచుల గురించి గట్టిగానే చెప్పాలి. లైనింగు వాలు నున్నగా ఉంటుంది, పడితే పట్టు దొరకదు. కార్లు అందులో పడి మనుషులు కొట్టుకుపోయిన సంఘటనలు కరీంనగర్ చుట్టుపక్కల జరిగాయి. నీటి అంచుకు దూరంగా, పొలం వైపు అంచునే తొక్కాలి. ఈత వచ్చినా నీళ్ళల్లో దిగకూడదు. కోతల కాలంలో కట్టంతా వడ్లు ఆరబోసి ఉంటాయి. అప్పుడు దిగి నడిపించుకుపోవాలి, ఆ బాట మీద మొదటి హక్కు రైతుదే. మిగతా ఏడాదంతా పంచరు చేసేది సర్కారు తుమ్మ ముళ్ళు. కాల్వకు నీళ్ళు ఆపే వేసవిలో మరమ్మతులు చేసేటప్పుడే ఆ తుమ్మను వేళ్ళతో తీసి, కిలోమీటరు రాళ్ళకు రంగు వేసి, బాట తెగిన వంతెనల దగ్గర ఒక్కో బోర్డు పెడితే దసరా నాటికి ఈ దారి తొక్కడానికి సిద్ధంగా ఉంటుంది.