నరసన్నపేట దళితుల లెక్క: సెన్సస్ పుస్తకాల్లో ఎక్కడ వెతకాలి, ఎలా చదవాలి

నరసన్నపేట ప్రాంతంలో గత వందేళ్లలో దళితుల వాటా పెరిగిందా, తగ్గిందా? ప్రశ్న చిన్నదే. జవాబు కోసం సెన్సస్ పుస్తకాలు తెరిస్తే మొదట ఎదురయ్యే చిక్కు కులం కాదు, జిల్లా. 1931లో ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డాక విశాఖపట్నం జిల్లాలోకి వచ్చింది. 1950లో శ్రీకాకుళం జిల్లా పుట్టింది. 1979లో సాలూరు, బొబ్బిలి, పార్వతీపురం, చీపురుపల్లి తాలూకాలు విజయనగరం జిల్లాకు పోయాయి. 2022లో సీతంపేట, పాలకొండ వైపు పార్వతీపురం మన్యంలో కలిశాయి, రాజాం విజయనగరానికి వెళ్లింది.

2011లో శ్రీకాకుళం జిల్లా జనాభా 27 లక్షలు. అందులో ఎస్సీలు సుమారు 9.5 శాతం, ఎస్టీలు 6 శాతం పైచిలుకు. సీతంపేట ఏజెన్సీ ఇప్పుడు జిల్లాలో లేదు కాబట్టి వచ్చే లెక్కల్లో ఎస్టీల శాతం పడిపోయి కనిపిస్తుంది. ఆదివాసీలు తగ్గారని ఎవరైనా రాస్తే నమ్మకండి, జరిగింది గీత.

రెండో చిక్కు పేర్లది. అన్ని కులాలనూ లెక్కించి పట్టికలు వేసిన చివరి సెన్సస్ 1931. 1917 బెజవాడ సభ తర్వాత ఊపందుకున్న ఆది ఆంధ్ర ఉద్యమం వల్ల చాలామంది మాల, మాదిగలు ఆ లెక్కల్లో తమను ఆది ఆంధ్రులుగా రాయించుకున్నారు. అందుకే 1921తో పోలిస్తే మాలల సంఖ్య తగ్గినట్టు కనిపించిన చోట మనుషులు తగ్గారనుకోకూడదు. 1951 నుంచి ఎస్సీ, ఎస్టీలకే కులం అడుగుతున్నారు.

మతం మూడో గీత. 1950 ఉత్తర్వు ప్రకారం ఎస్సీ అంటే హిందువే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుడని రాయించుకున్న దళితుడు మాత్రం నేటికీ ఎస్సీ గడిలో ఉండడు. ఒకే పేటలో అన్నదమ్ములు రెండు లెక్కల్లో పడతారు. ఎస్టీలకు ఈ షరతు లేదు.

ఇదంతా ఎందుకంటే, పంచాయతీ వార్డుల, సర్పంచ్ స్థానాల ఎస్సీ రిజర్వేషన్ ఈ సంఖ్యల మీదే తేలుతుంది. 2025లో రాష్ట్రం చేసిన ఎస్సీ వర్గీకరణకూ 2011 లెక్కలే ఆధారం: రెల్లి సహా 12 కులాలకు 1 శాతం, మాదిగ సహా 18కి 6.5, మాల సహా 29కి 7.5. రెల్లి కుటుంబాలు ఎక్కువగా ఉన్నది ఉత్తరాంధ్రలో. ఇక్కడ ఒక్క పేట లెక్క తప్పినా ఆ చిన్న సంఖ్య మీదే దెబ్బ.

వెతికేవారికి ఒక మాట. ఊరివారీ ఎస్సీ మొత్తం 'ప్రైమరీ సెన్సస్ ఆబ్‌స్ట్రాక్ట్'లో దొరుకుతుంది. ఏ కులం ఎంతమంది అన్నది మాత్రం ఊరి స్థాయిలో ఇవ్వరు, జిల్లా పట్టికల్లో చూడాలి. జిల్లాల హద్దులు మారినా ఊళ్లు మారవు గనక, పోలిక ఊరి నుంచే మొదలుపెట్టడం మేలు.

తర్వాతి గణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. అన్ని కులాలనూ అడుగుతామని కేంద్రం 2025లో ప్రకటించింది. 2011 సామాజిక ఆర్థిక సర్వేలో జనం చెప్పిన పేర్లు 46 లక్షల రకాలుగా వచ్చాయి, ఆ కుల వివరాలు బయటకు రానే లేదు. కాబట్టి ఎన్యూమరేటర్ వచ్చినప్పుడు 'హరిజన', 'దళిత' అని ఊరుకోకుండా జాబితాలో ఉన్న కులం పేరే చెప్పాలి, రాసింది చదివి వినిపించమనాలి. కుల ధ్రువపత్రం చూపనక్కర్లేదు. మనం చెప్పిన వివరాలు 1948 సెన్సస్ చట్టం కింద గోప్యం.