ధ్వనిముద్రణ శిల్పి టామ్ డౌడ్

మన చలనచిత్రాలు ప్రారంభమయ్యేటప్పుడు తెరమీద వరుసగా సాగిపోయే పేర్లలో "శబ్దగ్రహణం" అనే మాట కింద ఒక పేరు కనబడుతుంది. నటీనటుల పేర్లను, గాయనీగాయకుల పేర్లను, సంగీత దర్శకుని పేరును మనం జ్ఞాపకం ఉంచుకుంటాము. శబ్దగ్రహణం చేసినవారి పేరు మాత్రం తెరమీదనే ఉండిపోతుంది. గ్రామఫోను రికార్డుల విషయంలో చాలాకాలం ఆ మాత్రపు గౌరవం కూడా అరుదు. రికార్డు నడుమ అంటించిన గుండ్రని చీటీమీద పాట పేరు, పాడినవారి పేరు, కంపెనీ పేరు ఉండేవి. ఆ కంఠాన్ని పట్టి మన ఇంటికి చేర్చినది ఎవరో సాధారణంగా తెలిసేది కాదు.

రేడియోలో పాట వినేటప్పుడు గాయకుడు మన గదిలోనే కూర్చుని పాడుతున్నట్లు తోస్తుంది. ఈ భావన దానంతట అది కలగదు. మైక్రోఫోను ఎంత దూరంలో ఉండాలి, ఏ వాద్యం ఎంతవరకు వినబడాలి, ఏ క్షణంలో కంఠాన్ని పైకి తేవాలి అని ఎవరో ఒకరు అద్దాల గదిలో కూర్చుని నిర్ణయిస్తేనే కలుగుతుంది. అమెరికాలో ఈ పనిని సుమారు అర్ధశతాబ్దం పాటు చేసి, దానిని ఒక కళగా తీర్చిన టామ్ డౌడ్ చరిత్రను మేము ఇక్కడ పాఠకుల ముందు ఉంచుతున్నాము.

టామ్ డౌడ్ 1925 అక్టోబరు 20న న్యూయార్కు నగరంలో జన్మించారు. తల్లి ఆపెరా గాయని. తండ్రి వాద్యబృందంలో ప్రధాన వాయులీన విద్వాంసుడు. పిల్లవానికి పియానో, వయొలిన్ మొదలైన వాద్యాలు ఇంటనే అలవడినవి. లెక్కలలోను, భౌతికశాస్త్రంలోను కూడా బుద్ధి చురుకుగా ఉండడంచేత పదహారవ ఏటనే, 1942లో, ఉన్నత పాఠశాల చదువు ముగించి, కొలంబియా విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర ప్రయోగశాలలో పనికి కుదిరారు.

అది యుద్ధకాలం. ఆ ప్రయోగశాలలో జరుగుతున్నది సామాన్యమైన పరిశోధన కాదు. అణుబాంబు నిర్మాణానికి అమెరికా రహస్యంగా తలపెట్టిన మన్‌హాటన్ ప్రాజెక్టులో అది ఒక భాగం. పద్ధెనిమిదవ ఏట సైన్యంలో చేరవలసి వచ్చినప్పుడు కూడా డౌడ్‌ను యూనిఫారంతోనే ఆ పనిలో కొనసాగించారు. సైక్లోట్రాన్ యంత్రాన్ని నడపడం, కొలతలు తీయడం ఆయన పని. యుద్ధం ముగిసిన పిమ్మట 1946 జూలైలో పసిఫిక్ మహాసముద్రంలోని బికినీ దీవుల వద్ద రెండు అణుబాంబులను పేల్చి పరీక్షించినప్పుడు, అక్కడికి వెళ్లిన శాస్త్ర బృందంలో ఆయన కూడా ఉన్నారు.

తిరిగి వచ్చి అణుశాస్త్రంలో పట్టం పొందుదామని ఆయన ఆశించారు. అక్కడ ఒక చిత్రమైన చిక్కు వచ్చిపడినది. ప్రయోగశాలలో ఆయన నేర్చినదంతా ప్రభుత్వ రహస్యం. తరగతిలో చెప్పే పాఠాలు ఆయనకు తెలిసినదానికంటె ఎంతో వెనుకబడి ఉన్నవి. తెలిసినదానిని బయటికి చెప్పరాదు. తెలిసినదే మళ్లీ నేర్చుకోవడంలో అర్థం లేదు. ఆ చదువు విడిచి ఆయన ఒక ధ్వనిముద్రణ శాలలో ఉద్యోగం చూసుకున్నారు. సంగీతం, శాస్త్రం రెండూ తెలిసిన మనిషికి రెండూ కలిసే చోటు అదే.

అంతలో 1947లో న్యూయార్కులో అట్లాంటిక్ అనే చిన్న రికార్డు కంపెనీ వెలసినది. అమెరికాలో తుర్కీ రాయబారిగా ఉండిన వారి కుమారుడు అహ్మద్ ఎర్టెగన్, హెర్బ్ అబ్రామ్‌సన్ అనే మిత్రునితో కలిసి దానిని స్థాపించారు. నల్లజాతివారి పాటలంటే ఎర్టెగన్‌కు ప్రాణం. ఈ కంపెనీ రికార్డులకు డౌడ్ ధ్వనిముద్రకుడైనారు. 56వ వీధిలోని కార్యాలయమే రాత్రివేళ స్టూడియోగా మారేది. సాయంత్రం గుమాస్తాలు వెళ్లిపోగానే బల్లలను, కుర్చీలను గోడవారకు జరిపి, మైక్రోఫోన్లు నిలిపి, గాయకులను లోపలికి పిలిచేవారు. రే చార్లెస్ వంటి మహాగాయకుల రికార్డులు కొన్ని అటువంటి గదిలోనే తయారైనవి.

ఇక్కడ డౌడ్ చేసిన మార్పును అర్థం చేసుకోవాలంటే నాటి పద్ధతి తెలియాలి. అప్పట్లో గాయకుడు, వాద్యగాళ్లు అందరూ ఒకేసారి పాడి వాయిస్తే, ఆ ధ్వని అంతా కలగలిసి ఒకే బాటలో ముద్రింపబడేది. చారులో కలిసిన ఉప్పును మళ్లీ విడదీయలేనట్లే, ఒకసారి ముద్రితమైన పాటలో డోలు ఎక్కువైనదనో, కంఠం తక్కువైనదనో తోచినా చేయగలిగినది ఏమీ లేదు. పాటంతా మొదటినుండి మళ్లీ పాడవలసినదే.

1957లో ఆంపెక్స్ అనే కంపెనీ, గిటారు విద్వాంసుడు లెస్ పాల్ కోసం ఎనిమిది బాటల టేపు యంత్రాన్ని నిర్మించి ఇచ్చినది. ఒకే వెడల్పాటి టేపుమీద ఎనిమిది ధ్వనులు పక్కపక్కనే, ఒకదానితో ఒకటి కలియకుండ నిలుస్తాయి. కంఠం ఒక బాటలో, పియానో ఒక బాటలో, డోలు మరొక బాటలో ఉంటుంది. పాడడం ముగిసిన తరువాత తీరికగా విని, దేనిని ఎంత కలపాలో నిర్ణయించవచ్చు. ఇటువంటి యంత్రాన్ని కొనవలెనని డౌడ్ తన యజమానులను ఒప్పించారు. రికార్డు కంపెనీలలో దానిని మొదట నెలకొల్పినది అట్లాంటిక్. 1967లో లండన్ నగరంలో సుప్రసిద్ధులైన బీటిల్స్ తమ "సార్జెంట్ పెపర్" రికార్డును నాలుగు బాటల యంత్రాలమీదనే తయారు చేశారంటే, డౌడ్ ఎంత ముందుచూపు గలవారో తెలుస్తుంది.

యంత్రం వచ్చినంతనే పని తీరలేదు. ఆనాటి ధ్వని నియంత్రణ బల్లలమీద పెద్ద పెద్ద తిప్పుడు బిరడలు ఉండేవి. రెండు చేతులతో రెండు బిరడలు తిప్పగలము. ఎనిమిదింటిని ఒకేసారి తిప్పడం ఎవరి తరం? డౌడ్ ఆ బిరడలను తీసివేసి, పైకి కిందికి జరిగే సన్నని మీటలను పక్కపక్కనే అమర్చారు. అప్పుడు పది వేళ్లూ పనిచేయగలవు. హార్మోనియం మెట్లమీద వేళ్లు ఆడినట్లు ఎనిమిది ధ్వనులమీద వేళ్లు ఆడుతాయి. పియానో నేర్చిన చేతికే ఈ ఊహ తట్టినదనుకోవడం సహజం. ఈనాడు ప్రపంచంలో ఏ ధ్వనిముద్రణ శాలలోనైనా, ఏ రేడియో కేంద్రంలోనైనా కనబడే జారుడు మీటల పద్ధతికి ఆద్యులలో డౌడ్ ఒకరు.

1959 ఫిబ్రవరిలో రే చార్లెస్ "వాట్ ఐడ్ సే" అనే పాట ముద్రించారు. రేడియోలో రెండున్నర నిమిషాల పాటలు నడిచే రోజులవి. ఈ పాట ఏడు నిమిషాలు దాటినది. డౌడ్ దానిని జాగ్రత్తగా తగ్గించి, రెండు ముక్కలు చేసి, రికార్డుకు రెండు వైపులా పెట్టారు. పాట దేశమంతా మారుమోగినది. ఆ సంవత్సరమే జాజ్ విద్వాంసుడు జాన్ కోల్‌ట్రేన్ "జయంట్ స్టెప్స్" అనే రికార్డును కూడా డౌడ్ ముద్రించారు. ఒకటి నృత్యశాలల పాట, మరొకటి పండితులు తలలూపే వాద్యం. రెండింటికీ ఒకే చెవి.

డౌడ్ పని న్యూయార్కుకే పరిమితం కాలేదు. దక్షిణాన మెంఫిస్ నగరంలో ఒక పాత సినిమాహాలును స్టూడియోగా మార్చుకున్న స్టాక్స్ అనే చిన్న కంపెనీ ఉండేది. దాని రికార్డులను దేశమంతటా అమ్మినది అట్లాంటిక్. 1963లో అక్కడి యంత్రం చెడిపోగా, బాగుచేయడానికి డౌడ్ వెళ్లారు. నల్లవారు, తెల్లవారు ఒక హోటలులో కలిసి కూర్చోవడం కూడా కష్టమైన ఊరు అది. ఆ స్టూడియోలో మాత్రం ఇద్దరు నల్లవారు, ఇద్దరు తెల్లవారు కలిసిన వాద్యబృందం నిత్యం ఒకే గదిలో వాయించేది. కాగితాలమీద స్వరాలు రాసుకోకుండ, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ వారు పాటను కట్టేవారు.

1965 జూలైలో ఆటిస్ రెడ్డింగ్ అనే యువగాయకుని "ఆటిస్ బ్లూ" రికార్డును డౌడ్ అక్కడ ముద్రించారు. అది దాదాపు మొత్తం ఇరవైనాలుగు గంటలలో ముగిసినది. అందులో రెడ్డింగ్ స్వయంగా రచించిన "రెస్పెక్ట్" అనే పాట ఉన్నది. పనిచేసి అలసి ఇంటికి వచ్చిన భర్త, ఇంట గౌరవం కోరుతూ పాడే పాట అది. రెండేండ్లు కూడా నిండకముందే, 1967 ఫిబ్రవరి 14న, న్యూయార్కులో అరీతా ఫ్రాంక్లిన్ అదే పాట పాడారు. ఆ మాటలోని అక్షరాలను ఒక్కొక్కటిగా పలికే ఘట్టం కొత్తగా చేరినది. పురుషుని కోరికగా ఉన్న పాట స్త్రీ హక్కుగా మారి, నల్లజాతివారి ఆత్మగౌరవ గీతమై, మహిళలందరి గీతమై నిలిచినది. ఆ రాత్రి యంత్రం ముందు ఉన్నది కూడా డౌడే. ఒకే పాటను రెండు ఊళ్లలో, రెండు కంఠాలలో, రెండు అర్థాలలో పట్టుకున్న చెవి ఆయనది.

అదే సంవత్సరం మే నెలలో ఇంగ్లాండు నుండి క్రీమ్ అనే ముగ్గురు యువకుల బృందం వచ్చినది. వారిలో ఎరిక్ క్లాప్టన్ గిటారు వాయించేవారు. వారు తెచ్చిన లౌడ్‌స్పీకర్ల రాశిని, జంట డోళ్లను చూసి, ముగ్గురికి ఇంత సరంజామా ఎందుకని స్టూడియో వారు విస్తుపోయారు. కొద్ది రోజులలోనే డౌడ్ ధ్వనిముద్రకుడుగా "డిజ్రేలీ గేర్స్" రికార్డు పూర్తి అయినది. అందులోని ప్రసిద్ధమైన ఒక పాటకు డోలు నడక కుదరక తికమకపడుతుంటే, అమెరికను ఆదిమవాసులను చూపే సినిమాలలోని దరువు వేసి చూడమని తానే చెప్పినట్లు డౌడ్ చెప్పేవారు. డోలు వాయించిన జింజర్ బేకర్ ఆ మాటను ఒప్పుకోలేదు. అద్దాల గదిలోని మనిషి పాత్ర ఎక్కడ ముగిసి వాద్యగాని పాత్ర ఎక్కడ మొదలవుతుందో తేల్చడం ఎంత కష్టమో ఈ వివాదమే చెబుతున్నది.

1967లోనే అట్లాంటిక్ కంపెనీ ఒక కోటీ డెబ్బైయైదు లక్షల డాలర్లకు వేరే సంస్థ వశమైనది. పిమ్మట డౌడ్ మయామీ నగరంలోని క్రైటీరియా స్టూడియోను తన కార్యస్థానంగా చేసుకుని, నిర్మాతగా పేరొందారు. ధ్వనిముద్రకుడు ఉన్న ధ్వనిని పట్టుకుంటాడు. నిర్మాత ఏ ధ్వని ఉండవలెనో కూడా ఆలోచిస్తాడు. 1970లో క్లాప్టన్ కొత్త బృందంతో అక్కడ "లేలా" రికార్డుకు కూర్చున్నప్పుడు, తాను మరొక రికార్డు చేస్తూ ఉండిన డ్యూయేన్ ఆల్‌మన్ అనే అమెరికను గిటారు విద్వాంసుని డౌడ్ క్లాప్టన్‌తో కలిపారు. ఆ ఇద్దరూ ఈసారి చిన్న చిన్న యాంప్లిఫయర్లతోనే వాయించారు. చెవులు చిల్లులు పడే మోత లేకుండానే ఆ గిటార్లు మనసును పట్టివేస్తాయి. కొన్ని వారాల తరువాత ముద్రించిన పియానో భాగాన్ని పాట చివర అతికి, అతుకు తెలియకుండ చేసినది డౌడ్.

1971 మార్చిలో న్యూయార్కులోని ఫిల్‌మోర్ ఈస్ట్ అనే రంగశాలలో ఆల్‌మన్ సోదరుల బృందం కచేరీలు చేసినది. బయట నిలిచిన ధ్వనిముద్రణ వాహనంలో డౌడ్ కూర్చున్నారు. ముందుగా చెప్పకుండ బృందంలోకి బాకా వాద్యాలు రావడం విని, వాటిని తీసివేయించమని పట్టుబట్టారు. ప్రతి రాత్రి కచేరీ కాగానే వాద్యగాళ్లను స్టూడియోకు తీసుకువెళ్లి, వాయించినది వినిపించి, మర్నాడు ఏది మళ్లీ వాయించాలో తేల్చేవారు. ఆ రికార్డు జూలైలో వెలువడినది. అక్టోబరు 29న, ఇరవైనాలుగవ ఏట, డ్యూయేన్ ఆల్‌మన్ మోటారు సైకిలు ప్రమాదంలో మరణించారు. అంతకుముందే, 1967 డిసెంబరులో, ఆటిస్ రెడ్డింగ్ ఇరవైయారవ ఏట విమాన ప్రమాదంలో పోయారు.

ఇప్పుడు డౌడ్ పనిలోని గాంభీర్యం మనకు బోధపడుతుంది. ఆయన ముందు నిలిచి పాడినవారు యువకులు. తమకు ఎంతో కాలం ఉన్నదనుకున్నవారు. రెడ్డింగ్ మళ్లీ పాడలేదు. ఆల్‌మన్ మళ్లీ వాయించలేదు. ఆ రాత్రి మైక్రోఫోను తప్పుచోట ఉండి ఉంటే, టేపు జారిపోయి ఉంటే, దిద్దుకునే అవకాశం ఎన్నటికీ లేదు. టేపు కూడా శాశ్వతం కాదు. 1978లో న్యూజెర్సీలోని లాంగ్ బ్రాంచిలో అట్లాంటిక్ టేపులు దాచిన గిడ్డంగి కాలిపోగా, వేలకొలది టేపుచుట్టలు బూడిద అయినవి. వాటిలో ఎక్కువ భాగం లోకం ఇంకా వినని పాటలు. ఇకముందు కూడా ఎవరూ వినలేరు.

డౌడ్ 2002 అక్టోబరు 27న ఫ్లోరిడాలో మరణించారు. ఆ సంవత్సరం ఆరంభంలోనే ఆయనకు గ్రామీ సంస్థ వారి ట్రస్టీల పురస్కారం లభించినది. ఆయన జీవితంమీద తీసిన వార్తాచిత్రం 2003లో వెలువడినది. అందులో ఆయన వృద్ధుడై, నియంత్రణ బల్ల ముందు కూర్చుని, "లేలా" పాట పాత టేపును నడిపిస్తూ కనబడుతారు. ఒక మీటను పైకి జరిపితే ఒక గిటారు, మరొకటి జరిపితే మరొక గిటారు. ముప్ఫైయేండ్లుగా లోకం కలిపి విన్న పాటను ఆయన వేళ్లతో పోగు పోగుగా విడదీసి చూపుతారు. ఆల్‌మన్ గిటారు ఒక్కటే మిగిలినప్పుడు, ఆ ముసలి ముఖంమీద చిరునవ్వు వెలుగుతుంది.